పదవి కన్నా ప్రశ్న మిన్న – డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి

పెద్దవాళ్ల జీవితాలు రాసేటప్పుడు వాళ్లు ఎక్కిన మెట్లు లెక్కపెట్టడం మనకు అలవాటు. ఏ సంవత్సరంలో ఏ పదవి, ఏ సంవత్సరంలో ఏ బిరుదు అని వరసగా చెప్పుకుంటూ పోతాం. డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డిగారి విషయంలో అట్లా లెక్కపెడితే కాగితం నిండిపోతుంది గానీ మనిషి దొరకడు. కళాశాల ప్రిన్సిపాలు, విద్యాశాఖ అధిపతి, శాసనమండలి సభ్యుడు, విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు, కవి, విమర్శకుడు, సర్ బిరుదాంకితుడు. ఇవన్నీ ఆయనే. అయితే ఆయన్ను తెలుసుకోవాలంటే ఎక్కిన మెట్లతోపాటు దిగిన మెట్లు కూడా చూడాలి. 1921లో మైసూరు సంస్థానంలో పెద్ద ఉద్యోగం వదిలేశారు. 1923లో తానున్న పక్షం నుంచి బయటికొచ్చి దాని మంత్రివర్గాన్నే సభలో నిలదీశారు. 1930లో వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా ఇచ్చారు. కుర్చీ కోసం మాట మింగేవాళ్లను మనం చాలామందిని చూస్తున్నాం. మాట కోసం కుర్చీ వదిలిన మనిషి మన చిత్తూరు గడ్డ మీదే పుట్టాడని మనలో ఎంతమందికి తెలుసు?

ఈ దేశపు పరిపాలన, సంఘం ఎట్లా ఉండాలి అన్నదాని మీద ఆయనకు ఒక స్పష్టమైన ఆలోచన ఉండేది. ఆయన జీవితమంతా చదివితే నాకు అర్థమైనంతలో అది రెండు ముక్కలు. పాలించేవాడు జవాబు చెప్పుకోవాలి. జవాబు అడగగలిగే మనిషిని బడి తయారు చెయ్యాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా రెండోది నిలవదు. ఈ రెండింటి చుట్టూనే ఆయన కథ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

కట్టమంచి పిల్లవాడు

రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10న చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో పుట్టారు. తండ్రి సుబ్రహ్మణ్యంరెడ్డిగారు, తల్లి నారాయణమ్మగారు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేది లేదు. ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో గదా చిత్తూరు జిల్లా ఏర్పడింది! కట్టమంచి ఇప్పుడు చిత్తూరు నగరంలో కలిసిపోయింది. ఊరి పేరు, చెరువు పేరు మాత్రం నిలిచాయి.

చిత్తూరు బడిలో చదువు ముగించుకుని మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. అక్కడ చదువుతున్న రోజుల్లోనే, పందొమ్మిదేళ్లు నిండీ నిండని వయసులో, ఆంధ్ర భాషాభిరంజని సమాజం పెట్టిన పోటీకి ఒక కావ్యం రాసి బహుమతి గెలుచుకున్నారు. అదే ముసలమ్మ మరణం. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడినప్పుడు, ఊరు మునగకుండా ఒక రైతు ఇంటి కోడలు తన ప్రాణం అర్పించిందని ఆ ప్రాంతంలో చెప్పుకునే కథే దానికి వస్తువు. అంతవరకూ మన కావ్యాల్లో నాయకులు రాజులు, నాయికలు రాజకుమార్తెలు. కథ చివర పెళ్లో పట్టాభిషేకమో ఉండేది. ఈ కుర్రవాడు చెరువు గట్టునున్న ఊరిని, రైతు ఇంటి ఆడపడుచును, మరణంతో ముగిసే కథను కావ్యానికి ఎక్కించాడు. ఆధునిక తెలుగు కవిత్వం ఇక్కడే మొదలైందని చెప్పే విమర్శకులు ఉన్నారు.

సాహిత్యం చదివే మిత్రులు ఆ కావ్యంలో కరుణరసం చూస్తారు. నేను సైన్సు విద్యార్థిని, పైగా చెరువు కింద మడి ఉన్న ఇంటినుంచి వచ్చినవాణ్ణి. నాకు అందులో ఇంకొకటి కనబడుతుంది. చెరువు ఒక్క రోజులో తెగదు. తూములు పాడైనప్పుడు ఎవరూ పట్టించుకోరు. కట్ట మీద కంపచెట్లు మొలిచి వేళ్లు దిగుతుంటే చూస్తూ ఊరుకుంటారు. ఎలుకలు బొరియలు చేస్తాయి. వానాకాలం ముందు మట్టి వెయ్యాల్సిన పని నీదంటే నీదంటారు. ఒక రాత్రి పెద్ద వాన కురుస్తుంది. అప్పుడు ఊరంతా చెయ్యని పనికి ఎవరో ఒకరు ప్రాణం పెట్టాల్సి వస్తుంది. ఆ ప్రాణం పెట్టేది ఎప్పుడూ ఇంట్లో గొంతెత్తని మనిషే. ముసలమ్మ త్యాగం గొప్పదే. త్యాగం అవసరం లేకుండా ముందే కట్ట బాగుచేసుకునే ఊరు ఇంకా గొప్పది. రామలింగారెడ్డిగారు తరువాతి యాభై ఏళ్లూ చేసిన పని అట్లాంటి ఊరిని తయారు చేసే పనే అని నాకనిపిస్తుంది.

కేంబ్రిడ్జిలో నేర్చుకున్నది

1902లో భారత ప్రభుత్వపు విద్యార్థి వేతనం సంపాదించి ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. చరిత్ర చదివి మొదటి తరగతిలో నెగ్గారు. చదువుతోపాటు ఆయన్ను తీర్చిదిద్దింది అక్కడి విద్యార్థుల చర్చావేదిక అయిన కేంబ్రిడ్జి యూనియన్. ఆ సంఘానికి ఉపాధ్యక్షుడుగా ఎన్నికైన తొలి భారతీయుడు ఆయనే.

ఇది మన విద్యార్థి సంఘం సావనీరు గనక ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ యూనియన్‌లో పద్ధతి ఏమంటే, ఒక తీర్మానం పెడతారు. ఒకరు సమర్థిస్తారు, ఒకరు వ్యతిరేకిస్తారు. ఎంత పెద్దవాడు మాట్లాడినా లేచి అడ్డు ప్రశ్న వెయ్యవచ్చు. చివర ఓటు. ఓడినవాడు గెలిచినవాడితో చెయ్యి కలిపి బయటికి వెళతాడు. వాదించినంత మాత్రాన శత్రువు కాడు, ఓడినంత మాత్రాన తప్పు మనిషి కాడు. పాలితదేశం నుంచి వెళ్లిన ఒక నల్లని కుర్రవాడు పాలకజాతి యువకుల మధ్య నిలబడి, వాళ్ల భాషలోనే వాళ్లను వాదంలో గెలిచి, వాళ్ల ఓట్లతోనే పదవి పొందాడు. మనిషికి మనిషి సమానమని పుస్తకంలో చదవడం వేరు, ఇట్లా అనుభవంలో తెలుసుకోవడం వేరు. ఆ తరువాత ఆయన ఏ గవర్నరు ముందూ, ఏ మహారాజు ముందూ, ఏ పార్టీ అధినేత ముందూ తల వంచుకుని నిలబడకపోవడానికి మూలం అక్కడ ఉంది.

బడి తలుపులు తెరిచిన అధికారి

స్వదేశం తిరిగొచ్చాక కొంతకాలం బరోడా కళాశాలలో పనిచేశారు. తరువాత 1909లో మైసూరు మహారాజా కళాశాలకు ఆచార్యుడుగా వెళ్లారు. విశ్వేశ్వరయ్యగారు దివానుగా ఉండి సంస్థానాన్ని పరుగులెత్తిస్తున్న రోజులవి. మైసూరులో సొంత విశ్వవిద్యాలయం పెట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడు, ఇతర దేశాల విశ్వవిద్యాలయాలు ఎట్లా నడుస్తున్నాయో చూసి రమ్మని పంపినవాళ్లలో రెడ్డిగారు ఒకరు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలిసింది. ఒక దేశీయ సంస్థానంలో ఏర్పడిన మొదటి విశ్వవిద్యాలయం అదే. ఆ సంవత్సరమే ఆయన మహారాజా కళాశాల ప్రిన్సిపాలయ్యారు. 1918లో సంస్థానం మొత్తానికి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఎడ్యుకేషన్ అయ్యారు. అంటే విద్యాశాఖకు అధిపతి.

ఆ కుర్చీలో కూర్చుని ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది ఒకటి. పంచములని దూరం పెట్టిన పిల్లలకు సర్కారు బడి తలుపులు తెరవడం. అప్పట్లో వాళ్లకు వేరే బడి అనేవాళ్లు, లేదా బయట వసారాలో కూర్చోబెట్టేవాళ్లు, లేదా అసలు రానిచ్చేవాళ్లు కాదు. పన్ను డబ్బుతో నడిచే బడిలో కులం అడిగే హక్కు ఎవరికీ లేదన్నది ఆయన వైఖరి. వ్యతిరేకత లేకపోలేదు. మహారాజు కొలువులో ఉంటూ పెద్దకులాల కోపం తెచ్చుకోవడం ఉద్యోగికి క్షేమం కాదు. ఆయన వెనక్కి తగ్గలేదు. వెనకబడిన వర్గాలకు చదువులో, ఉద్యోగాల్లో న్యాయమైన వాటా రావాలని అక్కడ సాగిన ఉద్యమానికి ఆయన అండగా నిలిచారు. వయోజనులకు అక్షరాలు నేర్పే పని మీద, ఆడపిల్లల చదువు మీద కూడా శ్రద్ధ పెట్టారు.

ఆలోచించి చూస్తే ఇందులో ఒక లెక్క ఉంది. ఒక ఊళ్లో వందమంది ఉంటే పదిమంది మాత్రమే చదవగలిగితే, ఆ పదిమంది రాసిందే చట్టం, వాళ్లు చెప్పిందే శాస్త్రం. మిగతా తొంభైమంది వేలిముద్ర వేస్తారు. అట్లాంటి ఊళ్లో ఎన్నికలు పెట్టినా, సభలు పెట్టినా పాత పెత్తనమే కొత్త చొక్కా తొడుక్కుంటుంది. రాజ్యాంగం మార్చడానికి ముందు బడి గడప మార్చాలని ఆయన గ్రహించారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. మా తాత వేలిముద్ర వేసిన పత్రం ఇంకా మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. అందుకని ఈ సంగతి నాకు పుస్తకంలో చదవనక్కరలేదు.

తెలుగులో అర్థశాస్త్రం

మైసూరులో ఉండగానే ఆయన తెలుగువాళ్లకు రెండు మంచి పుస్తకాలు ఇచ్చారు. ఒకటి కవిత్వతత్త్వ విచారము. పింగళి సూరన కావ్యాలను తీసుకుని, కవిత్వమంటే అలంకారాల మూట కాదని, కథకూ పాత్రలకూ మనసుకూ సంబంధించిన విషయమని వాదించిన గ్రంథం. పండితులు దాని మీద మండిపడ్డారు, యువకులు చేతులారా ఆహ్వానించారు. విమర్శ అంటే పొగడ్త కాదు, తిట్టూ కాదు, కారణం చెప్పి తూకం వెయ్యడం అని మనవాళ్లకు నేర్పింది ఆ పుస్తకం.

రెండోది అర్థశాస్త్రము. కొమర్రాజు లక్ష్మణరావుగారి విజ్ఞానచంద్రికా మండలి వేసిన గ్రంథాల్లో అది ఒకటి. సంపద ఎట్లా పుడుతుంది, శ్రమకు విలువ ఎట్లా కడతారు, మూలధనం అంటే ఏమిటి, వడ్డీ ఎందుకు పెరుగుతుంది అన్న సంగతులన్నీ అప్పటివరకూ ఇంగ్లీషు కాలేజీల గోడల మధ్యే ఉండేవి. వాటిని తెలుగులో చెప్పడం కష్టమైన పని. మాటలే లేవు, వాటిని పుట్టించుకోవాలి. భాషలో గ్రాంథిక ఛాయ ఉంది గానీ విషయం మాత్రం రైతు పొలం చుట్టూ తిరిగేదే.

మా వైపు పల్లెల్లో వాన రాకపోతే కర్మ అంటారు, శెనక్కాయ పంట పోతే కర్మ అంటారు, బోరులో నీళ్లు పడకపోతే అదీ కర్మే. బెల్లం ధర పడిపోతే ఆ పైవాడి ఇష్టం. బీదరికాన్ని తలరాత అనుకుని తృప్తిపడే ఈ మనస్తత్వం మీద రెడ్డిగారికి జీవితమంతా కోపమే. డబ్బు పాపం కాదు, కష్టపడి సంపాదించుకోవడం తప్పు కాదు, బీదరికంలో పవిత్రత ఏమీ లేదు అన్నది ఆయన ధోరణి. బీదరికానికి కారణాలున్నాయి, కారణాలున్నవాటికి మందు కూడా ఉంటుంది. మా లాబొరేటరీలో నేర్పేది కూడా ఇదే గదా! ఫలితం తేడాగా వస్తే దేవుణ్ణి తలుచుకోం, ద్రావణం తూకం మళ్లీ చూస్తాం. దేశానికి కూడా అట్లాంటి చూపు రావాలని, అది ప్రజల భాషలోనే రావాలని ఆయన వందేళ్ల కిందటే అనుకున్నారు.

సభలో ఎదురుపక్షం

1921లో మైసూరు ఉద్యోగం మానుకుని సొంత జిల్లాకు వచ్చి రాజకీయాల్లో దిగారు. 1919 చట్టం కింద మద్రాసులో కొత్త శాసనమండలి వచ్చింది. దాన్ని ద్వంద్వపాలన అనేవాళ్లు. విద్య, స్థానిక స్వపరిపాలన వంటి శాఖలు దేశీయ మంత్రులకు ఇచ్చి, ఖజానా, పోలీసు తెల్లవాళ్ల చేతిలోనే ఉంచుకున్న ఏర్పాటు అది. రాజధాని ప్రాంతంలో 4 కోట్లకు పైగా జనం ఉంటే, ఆస్తి అర్హత మీద ఓటు దక్కింది సుమారు 12 లక్షల మందికి మాత్రమే. జస్టిస్ పార్టీ గెలిచింది. 1921లో పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనా మన ప్రాంతం మనిషే, పుట్టింది శ్రీకాళహస్తిలో.

రెడ్డిగారు మొదట జస్టిస్ పార్టీవైపే ఉన్నారు. బ్రాహ్మణేతరులకు న్యాయం జరగాలన్న మాట ఆయనకు కొత్త కాదు, మైసూరులో చేసి చూపించిన పనే. అయితే న్యాయం పేరుతో వచ్చిన అధికారం కొద్దిమంది గుప్పిట్లో చిక్కుకుంటున్నదని, మంత్రులు సభను లెక్కచేయడం లేదని ఆయనకు అనిపించింది. బయటికొచ్చి ఇంకొందరితో కలిసి వేరే పక్షం కట్టారు. 1923 ఎన్నికల తరువాత పానగల్లు రాజా రెండోసారి మంత్రివర్గం ఏర్పాటు చేయగానే, నవంబరు నెలాఖరులో రెడ్డిగారు దాని మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. మన దేశపు శాసనసభల చరిత్రలో ఇట్లాంటి తీర్మానాల్లో మొట్టమొదటిదిగా దాన్ని చెప్పుకుంటారు. తీర్మానం ఓడిపోయింది. అనుకూలంగా 44 ఓట్లు, వ్యతిరేకంగా 65.

ఓడిపోయిన తీర్మానాన్ని ఎందుకు గుర్తుపెట్టుకోవాలి అని ఎవరైనా అడగవచ్చు. పానగల్లు రాజా చేసిన మంచి పనులు కూడా ఉన్నాయి, వాటిని కాదనేవాళ్లు లేరు. విషయం అది కాదు. అంతకుముందు ప్రభుత్వమంటే పైనుంచి దిగొచ్చేది. నచ్చకపోతే అర్జీ పెట్టుకోవాలి, లేకపోతే తిరగబడాలి. మూడో దారి లేదు. సభలో లేచి, ఈ మంత్రివర్గం మీద మాకు నమ్మకం లేదు, లెక్క చెప్పండి, ఓటు పెట్టండి అని అడగవచ్చునని చూపించింది ఆ రోజు. ఒకే జిల్లాలోని ఇద్దరు తెలుగువాళ్లు, ఒకరు అధికారంలో, ఒకరు ఎదురుగా, కర్ర లేకుండా కత్తి లేకుండా వాదించుకుని ఓట్లు లెక్కపెట్టుకుని బయటికి వచ్చారు. కేంబ్రిడ్జిలో నేర్చిన పద్ధతిని ఆయన మద్రాసు సభకు తెచ్చారు. ఆ తరువాత 1954లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఇదే రకం తీర్మానంతో, ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అంతటి ఆంధ్రకేసరి కూడా తల ఒగ్గి దిగిపోయారు. ఎదురుపక్షమంటే దేశద్రోహం కాదు, ప్రభుత్వంలో ఒక అవయవం అన్న గ్రహింపు అట్లా ఒక్కొక్క మెట్టుగా వచ్చింది.

విశ్వవిద్యాలయం అనే కోట

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి మొదటి వైస్ ఛాన్సలర్ రెడ్డిగారే. భవనాలు లేవు, పొలిమేరలు తేలలేదు, బెజవాడా, విశాఖా, అనంతపురమా అని కేంద్రం విషయంలోనే తగవులు. ఆ తగవుల్లోనే మన రాయలసీమ జిల్లాలు, చిత్తూరుతో సహా, దాని పరిధి నుంచి తొలగి మళ్లీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందికి వెళ్లాయి. విచిత్రం చూడండి! తెలుగువాళ్లందరికీ విశ్వవిద్యాలయం కట్టిన చిత్తూరు మనిషి, తన సొంత జిల్లా పిల్లలకే దాన్ని ఇవ్వలేకపోయారు. ఆ కొరత తీరడానికి 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రావాల్సి వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

1930లో ఉప్పు సత్యాగ్రహం నడుస్తున్నది. సత్యాగ్రహుల మీద లాఠీలు విరుగుతున్నాయి, జైళ్లు నిండుతున్నాయి. రెడ్డిగారు సత్యాగ్రహి కాదు, ఖద్దరు కట్టి బజారులో ఉప్పు అమ్మిన మనిషీ కాదు. అయినా ప్రభుత్వ దమననీతికి నిరసనగా వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా చేశారు. నాలుగేళ్లు కష్టపడి నిలబెట్టిన సంస్థను, అదీ పునాదులు లేస్తున్న వేళ, వదిలి రావడం తేలిక కాదు. తండ్రి కట్టిన ఇల్లు వదిలి వచ్చినట్టే. ఆయన తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1931 నుంచి 1936 దాకా ఆ పదవి నిర్వహించారు. 1936లో రెడ్డిగారు తిరిగి ఎన్నికై 1949 వరకూ ఉన్నారు.

ఆ పదమూడేళ్లలో ఆయన పడిన పాట్లు చిన్నవి కావు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయాన్ని మూటగట్టుకుని గుంటూరుకు తరలించాల్సి వచ్చింది. తిరిగి వాల్తేరు చేరింది 1946లో. లాబొరేటరీ సామాను ఒక గదినుంచి ఇంకో గదికి మార్చడమే ఎంత ప్రయాసో సైన్సు విద్యార్థులకు తెలుసు. యుద్ధం రోజుల్లో మొత్తం విశ్వవిద్యాలయాన్ని అంత దూరం మోసుకెళ్లి, చదువు ఆగకుండా నడిపించారు.

విశ్వవిద్యాలయం గురించి ఆయన ఆలోచన ఏమంటే, అది పరీక్షలు పెట్టి పట్టాలు పంచే కార్ఖానా కాకూడదు. అక్కడ పరిశోధన జరగాలి, చుట్టుపక్కల జనం బ్రతుకుకు పనికొచ్చే శాస్త్రం పుట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రభుత్వం డబ్బిచ్చినా ఆలోచన మీద పెత్తనం చెయ్యకూడదు. దేశానికి సభలో ఎదురుపక్షం ఎట్లాంటిదో, సంఘానికి విశ్వవిద్యాలయం అట్లాంటిదని ఆయన జీవితాన్ని బట్టి మనం అర్థం చేసుకోవచ్చు. అందరూ ఔనన్నప్పుడు కాదేమో అని అడిగే చోటు ఒకటి దేశంలో ఉండాలి.

అందరితోనూ తగువే

రెడ్డిగారి మీద విమర్శలు ఉన్నాయి. వాటిని దాచిపెట్టి రాస్తే ఆయన శిష్యులకే నచ్చదు. పక్షాలు మార్చాడన్నారు. 1930లో సర్కారును ధిక్కరించి పదవి వదిలిన మనిషి, దేశమంతా క్విట్ ఇండియా అని గర్జించిన 1942లోనే సర్ బిరుదు ధరించాడన్నారు. కాంగ్రెసు పోరాటం చూసి పదవి వదులుకున్నవాడే కాంగ్రెసు ప్రభుత్వాల మీద విరుచుకుపడ్డాడన్నారు. మాట కత్తి లాంటిదని, మిత్రులను కూడా గాయపరుస్తుందని అన్నారు.

ఇందులో కొన్ని నిజాలే. బిరుదు విషయం నాకూ మింగుడుపడలేదు. కానీ కాంగ్రెసును విమర్శించిన సంగతి మాత్రం జాగ్రత్తగా చూడాలి. 1937 నుంచి 1939 దాకా మద్రాసులో రాజాజీ మంత్రివర్గం, ఇంకా చాలా రాష్ట్రాల్లో కాంగ్రెసు మంత్రివర్గాలు నడిచాయి. వాటి పనితీరు మీద ఆయన 1940లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశారు. ఆయనకు కలిగిన భయం ఏమంటే, మంత్రులు సభకు జవాబు చెప్పడం మాని పైన ఉన్న పార్టీ అధిష్ఠానానికి జవాబు చెబుతున్నారు. ఓటు వేసింది ఇక్కడి మనిషి, ఆజ్ఞ వచ్చేది వేరే చోటినుంచి. పార్టీయే దేశం అనుకోవడం మొదలైతే ఎదురు చెప్పినవాడు దేశానికి శత్రువుగా కనిపిస్తాడు. స్వాతంత్ర్యం రాకముందే, పార్టీ మీద జనానికి అపారమైన భక్తి ఉన్న రోజుల్లో, ఈ మాట అనడానికి ధైర్యం కావాలి. జస్టిస్ పార్టీని ఏ తప్పుకు నిలదీశారో అదే తప్పుకు కాంగ్రెసునూ నిలదీశారు. పక్షాలు మారినట్టు కనిపించినా ప్రశ్న మారలేదు.

ఇంకో సంగతి. ఆయన పెళ్లి చేసుకోలేదు. కొడుకుకు పదవి కూడబెట్టాల్సిన పని లేదు. మాట నిర్భయంగా రావడానికి అదీ ఒక కారణం కావచ్చు.

చివరి రోజులు

1948లో ఆయన పేరిట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నెలకొల్పిన జాతీయ బహుమతిని శ్రీ అరవిందులకు ఇచ్చారు. బహుమతి అందజేయడానికి రెడ్డిగారు స్వయంగా పుదుచ్చేరి వెళ్లారు. ఇద్దరూ కేంబ్రిడ్జిలో చదివినవాళ్లే, ఇద్దరూ బరోడా కళాశాలలో పాఠాలు చెప్పినవాళ్లే. ఒకరు యోగంలోకి వెళ్లారు, ఒకరు లోకంలోనే ఉండిపోయారు. 1949లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వదిలి, తాను యవ్వనంలో సేవ చేసిన మైసూరు విశ్వవిద్యాలయానికే ప్రో ఛాన్సలర్‌గా వెళ్లారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

అప్పటికి మన రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడాది దాటింది. కులం, ఆస్తి, ఆడ, మగ అనే తేడా లేకుండా వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు హక్కు వచ్చింది. ఆ ఓటుతో మొదటి సాధారణ ఎన్నికలు మొదలైంది 1951 అక్టోబరులో. అంటే ఆయన పోయిన ఎనిమిది నెలలకు. 12 లక్షల ఓటర్ల సభలో జవాబు అడిగిన మనిషి, కోట్లాదిమంది బారులు తీరి ఓటు వేసిన దృశ్యం చూడకుండానే వెళ్లిపోయారు.

మనకు మిగిలింది

విశాఖలో ఆయన పేరిట స్నాతకోత్సవ మందిరం ఉంది. ఏలూరులో ఆయన పేరిట కళాశాల ఉంది. 2022లో జిల్లాలు విడిపోయి తిరుపతి ఒక జిల్లా, చిత్తూరు ఒక జిల్లా అయ్యాయి. కట్టమంచి చిత్తూరులో, ఆయన ప్రత్యర్థి పుట్టిన కాళహస్తి తిరుపతిలో ఉన్నాయి. గీతలు ఎట్లా గీసినా ఆయన రెండు జిల్లాలవాడే, ఆ మాటకొస్తే తెలుగువాళ్లందరివాడు.

విగ్రహానికి దండ వెయ్యడం తేలిక. ఆయన ఆలోచన ఆచరించడం కష్టం. నేడు మనకు ఓటుంది, బడి ఉంది, విశ్వవిద్యాలయం ఉంది. ఆయన కోరుకున్న సామగ్రి అంతా చేతికొచ్చింది. అయినా మా ఊళ్లో పంచాయతీ లెక్కలు చదివి వినిపించమని అడిగే మనిషి కనబడడు. అడగడం చేతకాక కొందరు, అడిగితే వీడు ఫలానా పార్టీవాడని ముద్ర వేస్తారని కొందరు ఊరుకుంటారు. తరగతిలో కూడా అంతే. అర్థం కాని సంగతి అడిగితే తెలివి తక్కువ అనుకుంటారని చదువుకున్నవాళ్లమే నోరు మూసుకుంటున్నాం. కట్ట మీద కంపచెట్లు మొలుస్తున్నాయి, వేళ్లు దిగుతున్నాయి, మనం చూస్తూనే ఉన్నాం.

మన విద్యార్థి సంఘం ప్రతి సంవత్సరం ఎన్నో సభలు జరుపుతుంది. వాటిలో కనీసం ఒకటి ఆయన పుట్టిన డిసెంబరు 10న చర్చాసభగా జరిపితే బాగుంటుందని నా సూచన. పొగడ్త ఉపన్యాసాలు వద్దు. ఒక తీర్మానం పెడదాం. సంఘం గత ఏడాది ఖర్చుల లెక్కే మొదటి తీర్మానమైనా మంచిదే. సమర్థించేవాళ్లు సమర్థించండి, ఎదిరించేవాళ్లు ఎదిరించండి, అధ్యాపకులు కూడా లేచి అడ్డు ప్రశ్నలు వెయ్యండి. చివర చేతులెత్తి లెక్కపెడదాం. ఓడినవాళ్లు, గెలిచినవాళ్లు కలిసి క్యాంటీనుకు వెళ్లి టీ తాగుదాం. కట్టమంచి రామలింగారెడ్డిగారికి ఇంతకన్నా మంచి నివాళి నాకు తోచడం లేదు.